ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి

ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన అంధ క్రికెట్ క్రీడాకారుడు. బ్యాటింగు, బౌలింగు రెండింటిలోనూ రాణించిన ఇతడు భారత అంధుల క్రికెట్ జట్టుకు పలు సంవత్సరాల పాటు సారథ్యం వహించాడు. 2012, 2022 సంవత్సరాల మధ్య భారతదేశం గెలుచుకున్న ఐదు ప్రపంచ కప్పులలోనూ ఇతనికి భాగమున్నది. వాటిలో చివరి మూడు (2017, 2018, 2022) ఇతని నాయకత్వంలో లభించినవే. 2023 సంవత్సరానికి గాను భారత ప్రభుత్వం ఇతనికి అర్జున పురస్కారాన్ని ప్రకటించింది. ఒక అంధ క్రికెటరుకు ఈ పురస్కారం లభించడం ఇదే మొదటిసారి.

== బాల్యము, విద్యాభ్యాసము ==

అజయ్ కుమార్ రెడ్డి పల్నాడు ప్రాంతానికి చెందినవాడు. అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా ప్రత్యేక జిల్లా అయినది. ఇతనిది పుట్టుకతో వచ్చిన అంధత్వం కాదు. పసితనంలో ఎడమ కంటికి తగిలిన దెబ్బ వలన ఆ కన్ను చూపు పోయింది. పెరిగి పెద్దవుతున్న కొద్దీ కుడి కంటి చూపు కూడా మందగించింది. మామూలు బడిలో నల్లబల్ల మీది అక్షరాలు కనిపించక, నరసరావుపేటలోని లూథరన్ అంధుల పాఠశాలలో చేరాడు. శబ్దం చేసే బంతితో ఆడే క్రికెట్ ఇతనికి అక్కడే పరిచయమైంది. తెలుగునాట అంధుల క్రికెట్‌కు ఇటువంటి పాఠశాలల ఆవరణలే తొలి మైదానాలు. సాధారణ క్రికెట్‌లో మాదిరిగా శిక్షణా అకాడమీలు, వయసుల వారీ పోటీలు వీరికి అందుబాటులో ఉండేవి కావు. చదువు ముగిసిన పిమ్మట ఇతడు బ్యాంకు ఉద్యోగంలో చేరి, ఉద్యోగం చేస్తూనే ఆటను కొనసాగించాడు.

== ఆట తీరు ==

అజయ్ గణాంకాలను అర్థం చేసుకోవాలంటే అంధుల క్రికెట్ నియమాలు కొంత తెలియాలి. 1922లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో ఇద్దరు అంధ కార్మికులు రేకు డబ్బాలో రాళ్ళు వేసి ఆడుకోవడంతో ఈ ఆట మొదలైనదని చెబుతారు. ఇప్పుడు అంతర్జాతీయ పోటీలలో వాడేది గట్టి ప్లాస్టిక్‌తో చేసిన తెల్లని బంతి. దాని లోపల బేరింగు గోలీలు ఉంటాయి. బంతి కదిలినంతసేపు అవి గలగలమంటాయి, ఆగిపోతే చప్పుడు కూడా ఆగిపోతుంది. అందువలన బంతి వేసే ముందు బౌలరు "రెడీ" అని అడగాలి. బ్యాట్స్‌మన్ "యస్" అని బదులిచ్చాక "ప్లే" అంటూ బంతిని వదలాలి. చేయి భుజం పైకి లేపకుండా కింది నుండి విసరాలి. బంతి పిచ్ సగభాగం దాటకముందే కనీసం ఒకసారి నేలను తాకాలి, లేకపోతే అది నోబాల్. బంతి నేలను అంటిపెట్టుకుని వస్తుంది కనుక మోకాలు వంచి ఆడే స్వీప్ షాట్ ఈ ఆటలో అన్నిటికంటే ఎక్కువగా పనికివస్తుంది. వికెట్ల కర్రలు లోహంతో చేసినవి. బంతి తగిలినప్పుడు ఆ చప్పుడు అందరికీ వినిపిస్తుంది.

జట్టులోని పదకొండు మందిని చూపును బట్టి మూడు తరగతులుగా విభజిస్తారు. పూర్తిగా చూపు లేనివారు బి1, 2/60 వరకు చూపు ఉన్నవారు బి2, అంతకు మించి 6/60 వరకు ఉన్నవారు బి3. (2/60 అంటే మంచి చూపు గలవారు 60 మీటర్ల నుండి గుర్తించే వస్తువును 2 మీటర్ల దగ్గరకు వస్తే గాని గుర్తించలేకపోవడం.) జట్టులో కనీసం నలుగురు బి1 ఆటగాళ్ళు ఉండి తీరాలి. మొత్తం ఓవర్లలో నూటికి నలభై వంతులు వారే వేయాలి. బి1 ఆటగాడు చేసిన ప్రతి పరుగునూ రెండుగా లెక్కిస్తారు, అతని తరపున పరుగెత్తడానికి రన్నర్ ఉంటాడు. బంతి ఒకసారి నేలను తాకి లేచిన తరువాత బి1 ఫీల్డరు పట్టుకున్నా అది క్యాచ్ కిందికే వస్తుంది. నలభై ఓవర్లలో దాదాపు నాలుగు వందల పరుగులు ఎలా వస్తాయని కొత్తవారు ఆశ్చర్యపోతుంటారు. ఈ రెట్టింపు లెక్క దానికి ఒక కారణం.

అజయ్ బి2 తరగతికి చెందినవాడు. అంటే అతని పరుగులకు రెట్టింపు వర్తించదు, బి3 వారికి ఉన్నంత చూపూ ఉండదు. ఈ తరగతి ఆటగాళ్ళు కొంత చెవిని, కొంత మసక చూపును నమ్ముకుని ఆడవలసి ఉంటుంది.

== అంతర్జాతీయ క్రీడాజీవితము ==

అంధుల ప్రపంచ కప్ మొదటిసారి 1998లో ఢిల్లీలో జరిగింది, అందులో దక్షిణాఫ్రికా గెలిచింది. 2002, 2006 పోటీలలో పాకిస్తాన్ విజేత. 2006లో ఇస్లామాబాదులో జరిగిన ఫైనల్లో ఓడినది భారత జట్టే. దాని తరువాత ఆరేళ్ళకు బెంగళూరులో మొదటి ట్వంటీ20 ప్రపంచ కప్ జరిగింది. 2012 డిసెంబరు 13న జరిగిన ఫైనల్లో శేఖర్ నాయక్ నాయకత్వంలోని భారత జట్టు పాకిస్తాన్‌ను 29 పరుగుల తేడాతో ఓడించింది. అజయ్ ఆ జట్టులో సభ్యుడు.

2014 డిసెంబరు 7న కేప్‌టౌన్‌లో జరిగిన నలభై ఓవర్ల ప్రపంచ కప్ ఫైనల్లో పాకిస్తాన్ 389 పరుగులు చేసింది. భారత జట్టు రెండు బంతులు మిగిలి ఉండగా ఐదు వికెట్ల తేడాతో గెలిచి, నలభై ఓవర్ల కప్పును మొదటిసారి దక్కించుకున్నది. శేఖర్ నాయక్ తరువాత జట్టు పగ్గాలు అజయ్‌కు దక్కాయి. 2016 జనవరిలో కొచ్చిలో జరిగిన ఆసియా కప్ ట్వంటీ20 ఫైనల్లో పాకిస్తాన్‌పై 45 పరుగుల విజయం సారథిగా ఇతని తొలి పెద్ద గెలుపు.

2017 ట్వంటీ20 ప్రపంచ కప్‌లో పది దేశాలు పాల్గొన్నాయి. లీగ్ దశలో భారత్ ఒకే ఒక్క ఆట ఓడింది, అదీ పాకిస్తాన్ చేతిలోనే. సెమీఫైనల్ విజయవాడ సమీపంలోని మూలపాడు మైదానంలో జరగడంతో తెలుగు ప్రేక్షకులకు తమ ప్రాంతపు సారథి ఆటను దగ్గర నుండి చూసే అవకాశం కలిగింది. అందులో శ్రీలంకను పది వికెట్ల తేడాతో ఓడించారు. ఫిబ్రవరి 12న బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో జరిగిన ఫైనల్లో పాకిస్తాన్ 197 పరుగులు చేయగా, భారత్ ఒకే వికెట్ కోల్పోయి లక్ష్యాన్ని చేరింది. ప్రకాశ్ జయరామయ్య 99 పరుగులతో అజేయంగా నిలిచాడు. అజయ్ 43 పరుగులు చేశాడు.

2018 నలభై ఓవర్ల ప్రపంచ కప్‌కు పాకిస్తాన్, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఆతిథ్యమిచ్చాయి. భారత జట్టు పాకిస్తాన్‌లో అడుగుపెట్టలేదు, దాని ఆటలు ఎమిరేట్స్‌లోనే జరిగాయి. జనవరి 20న షార్జాలో ఫైనల్ జరిగింది. 308 పరుగుల లక్ష్యాన్ని ఛేదించే క్రమంలో సునీల్ రమేశ్ 93 పరుగులు చేయగా, అజయ్ అరవైకి పైగా పరుగులతో అతనికి తోడు నిలిచాడు. చివరికి రెండే వికెట్లు మిగిలి ఉండగా గెలుపు దక్కింది. అజయ్ సారథ్యంలోని మూడు ప్రపంచ కప్ ఫైనళ్ళలో నిజంగా చేజారిపోయేలా కనిపించినది ఇది ఒక్కటే.

2022 ట్వంటీ20 పోటీకి మళ్ళీ భారతదేశమే ఆతిథ్యమిచ్చింది. పాకిస్తాన్ జట్టుకు వీసాలు లభించక పోటీలో పాల్గొనలేకపోయింది. డిసెంబరు 17న బెంగళూరులో బంగ్లాదేశ్‌తో జరిగిన ఫైనల్లో భారత్ రెండు వికెట్ల నష్టానికి 277 పరుగులు చేసి 120 పరుగుల తేడాతో గెలిచింది. సునీల్ రమేశ్ 136, అజయ్ అజేయంగా 100 పరుగులు చేశారు. ఇద్దరూ బి1 తరగతివారు కారు కనుక ఈ రెండు శతకాలలో రెట్టింపు లెక్క ఏమీ లేదు. ప్రధాన ప్రత్యర్థి లేని కప్పు కావడంతో ఈ విజయానికి మునుపటి వాటంత చర్చ జరగలేదు. అయితే ఆ లోటు ఆటగాళ్ళ వలన ఏర్పడినది కాదు.

2023 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లో జరిగిన ప్రపంచ అంధుల క్రీడలలో క్రికెట్‌కు మొదటిసారి చోటు దక్కింది. అక్కడ భారత పురుషుల జట్టు ఫైనల్లో పాకిస్తాన్ చేతిలో ఎనిమిది వికెట్ల తేడాతో ఓడి రజతంతో తిరిగివచ్చింది. భారత మహిళల జట్టు ఆస్ట్రేలియాను ఓడించి స్వర్ణం గెలుచుకున్నది.

== పురస్కారము, గుర్తింపు సమస్య ==

భారతదేశంలో అంధుల క్రికెట్‌ను నిర్వహించే సంస్థ క్రికెట్ అసోసియేషన్ ఫర్ ది బ్లైండ్ ఇన్ ఇండియా. దీనికి బెంగళూరులోని సమర్థనం ట్రస్టు అండగా నిలిచింది. దేశంలో క్రికెట్‌ను శాసించే భారత క్రికెట్ నియంత్రణ మండలి (బీసీసీఐ) నుండి మాత్రం దీనికి అనుబంధ హోదా దక్కలేదు. నాలుగు ప్రపంచ కప్పులు గెలిచిన తరువాత కూడా ఇదే పరిస్థితి. 2018లో షార్జా విజయం తరువాత సచిన్ టెండుల్కర్ ఈ విషయమై బీసీసీఐ వ్యవహారాలు చూస్తున్న పాలకుల కమిటీ అధిపతి వినోద్ రాయ్‌కు లేఖ వ్రాశాడు. అంధుల క్రికెట్ సంఘాన్ని గుర్తించాలని, ఆటగాళ్ళను పింఛను పథకం పరిధిలోకి తీసుకురావాలని అందులో కోరాడు. 2021లో బీసీసీఐ వికలాంగ క్రికెట్ కోసం ఏర్పడిన ఒక మండలిని గుర్తించింది. అయినా ఒప్పంద వేతనాలు, మ్యాచ్ ఫీజుల విషయంలో అంధ క్రీడాకారులకు, ప్రధాన జట్టువారికి పోలికే లేదు. ప్రపంచ కప్ గెలిచిన జట్టు సారథి కూడా జీవనాధారానికి ఉద్యోగాన్నే నమ్ముకోవలసి రావడానికి ఇది ఒక కారణం.

ప్రభుత్వ పురస్కారాలు ఈ ఆటకు ఆలస్యంగా వచ్చాయి. శేఖర్ నాయక్‌కు 2017లో పద్మశ్రీ లభించింది. క్రీడా పురస్కారాలలో మాత్రం 2024 జనవరి 9 వరకు అంధ క్రికెటరు ఎవరూ లేరు. ఆ రోజు రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపది ముర్ము చేతుల మీదుగా అజయ్ అర్జున పురస్కారం స్వీకరించాడు. ఆ ఏడాది ఇదే పురస్కారం పొందిన 26 మందిలో భారత పేస్ బౌలరు మహమ్మద్ షమీ కూడా ఉన్నాడు. పురస్కారంతో పాటు ఇచ్చే నగదు 15 లక్షల రూపాయలు ఇద్దరికీ సమానమే.

== తరువాతి పరిణామాలు ==

2024 చివరిలో ట్వంటీ20 ప్రపంచ కప్ పాకిస్తాన్‌లో జరిగింది. దీనికి ఎంపికైన భారత జట్టుకు ఆంధ్రప్రదేశ్‌కే చెందిన తొంపాకి దుర్గారావు సారథి. ప్రభుత్వ అనుమతి లభించక ఆ జట్టు ప్రయాణం రద్దయింది. దానితో 2012 నుండి వరుసగా మూడు సార్లు గెలిచిన ట్వంటీ20 కప్పును భారత్ ఆడకుండానే వదులుకోవలసి వచ్చింది. డిసెంబరు 3న ముల్తాన్‌లో జరిగిన ఫైనల్లో పాకిస్తాన్ బంగ్లాదేశ్‌ను పది వికెట్ల తేడాతో ఓడించి, ట్వంటీ20 ప్రపంచ కప్పును మొదటిసారి అందుకున్నది.