మోకుత్రాటి నుండి డీజిలు బండి వరకు

గౌతమీ వసిష్ఠల నడుమ, దక్షిణమున సముద్రము హద్దుగా నున్న కోనసీమలో కొండ లేదు. ఇచ్చట ఎత్తు అనదగినవి మూడే: ఏటిగట్టు, కాలువగట్టు, వంతెన. బల్లపరుపు నేలమీద మనిషియు లాగును, ఎద్దును లాగును, యంత్రమును లాగును. గట్టెక్కునపుడు కష్టము తెలియును. గట్టు దిగునపుడు ప్రమాదము తెలియును. కొబ్బరికాయల ట్రైలరో, జనరేటరో, పడవయో వెనుక తగిలించి లాగుటకని ఒక కుటుంబము మొట్టమొదటిసారి డీజిలు పికప్పు కొనబోవునపుడు సాధారణముగా అడుగు ప్రశ్న "ఇది ఎంత లాగును?" అనునది. పూర్వము ఈ సీమలో బరువు లాగి బ్రతికినవారికి దానికంటె ముఖ్యమైన ప్రశ్న మరియొకటి ఉండెడిది: "లాగిన బరువును ఎట్లు ఆపవలెను?" పడవనాడు ప్రతి కళాసికి తెలిసిన ఈ విషయము మోటారునాడు ఎట్లు మరుగుపడెనో తెలియవలెనన్న కాలువల కాలమునుండి ప్రారంభింపవలెను.

ధవళేశ్వరము ఆనకట్ట 1847లో ప్రారంభమై 1852లో పూర్తియయ్యెను. దానివలన పంట పండినదని అందరును ఎరుగుదురు. పండిన పంట కదలినదని తలచువారు తక్కువ. ఆర్థరు కాటను దొర దృష్టిలో కాలువ యనగా పొలమునకు నీరు, పడవకు దారి, రెండును. ఆయన 1854లో హిందూదేశపు ప్రజోపయోగ నిర్మాణములను గూర్చి గ్రంథము వ్రాసి, సరకు రవాణాకు రైలుమార్గములకంటె జలమార్గములే చౌక యని వాదించెను. తుదివరకు ఆ వాదమును విడువలేదు. మధ్య డెల్టాకు వచ్చు నీరు లొల్ల లాకులవద్ద శాఖలై అమలాపురము, గన్నవరము వైపులకు పారును. వైనతేయకు ఆవలనున్న నగరము దీవికి, అనగా రాజోలు ప్రాంతమునకు, నీరు చేర్చుటకు ఏటిమీదుగానే కాలువను నడపవలసివచ్చెను. లెఫ్టినెంటు హేగ్ పర్యవేక్షణలో 49 కమానులతో గన్నవరము అక్విడక్టు వెలసినది అందులకే. అటుపిమ్మట దాని ప్రక్కన కట్టిన క్రొత్త అక్విడక్టునకు ఆకలిగొన్నవారికి అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టుట ఉచితముగానే యున్నది.

కాటను వాదములోని బలము ఒక్క లెక్కలో కలదు. గుర్రము మంచి కంకరరోడ్డుపై సుమారు 2 టన్నుల బండిని లాగగలిగినచో, అదే గుర్రము కదలని కాలువనీటిలో 50 టన్నుల వరకు లాగగలదని ఇంగ్లండులో గణించిరి. కోనసీమ కాలువలలో ఆ పని మనుష్యులే చేసిరి. పడవ కొయ్యకు మోకు కట్టి, దాని రెండవ కొనను రొమ్మునకో భుజమునకో తగిలించుకొని, కళాసులు గట్టుబాట వెంబడి ముందునకు వంగి నడచెడివారు. గాలి అనుకూలించినచో తెరచాప, లోతు తక్కువైనచో గెడ, తక్కినపుడెల్ల మోకు. ధాన్యము, కొబ్బరి, ఉప్పు, పెండ్లివారు, పరీక్షలకు పోవు విద్యార్థులు అందరును ఆ త్రాటి వెనుకనే ప్రయాణము చేసిరి. రాత్రి పడవ ఎక్కి, నిద్రపోయి, తెల్లవారి ఊరు చేరినవారికి ఆ త్రాడు కనబడలేదు. లాగినవారి పేర్లు ఏ శాసనమునందును లేవు.

ఆ కళాసుల నేర్పు లాగుటలోకంటె ఆపుటలో ఎక్కువగా నుండెను. నిండుపడవను కదలించుట మొదట కష్టము. కదలిన పిదప ఇద్దరు మనుష్యుల నడకకే అది వచ్చును. కాని లాకు తలుపు ఎదుటికి వచ్చుసరికి ఆ పడవకు బ్రేకు లేదు, కాలు లేదు. మోకు ఎంతదూరమున వదలవలెనో, సరంగు చుక్కాని ఎప్పుడు త్రిప్పవలెనో, గట్టుమీది గుంజకు త్రాడు ఎన్ని చుట్లు వేయవలెనో ముందుగానే తెలిసియుండవలెను. గుంజకు చుట్టిన త్రాడు ఒరపిడితో బరువును మెల్లమెల్లగా పట్టును. ఒక్కసారిగా బిగించినచో త్రాడు తెగును. బుర్ర పనిచేయనివాడు లాగుటకు పనికివచ్చునేమోగాని ఆపుటకు పనికిరాడు.

కోనసీమను చీల్చుకొని పారు వైనతేయ పేరులోనే ఈ సంగతి దాగియున్నదని చెప్పవచ్చును. వినతాసుతుడైన గరుత్మంతుడు అమృతమునకై పోవుచు, ఆకలి తీర్చుకొనుటకు ఒక ఏనుగును ఒక తాబేటిని గోళ్లతో పట్టి ఎగిరిన కథ భారతము ఆదిపర్వమున నున్నది. తినుటకని ఒక మహావృక్షపు కొమ్మమీద వాలగా ఆ కొమ్మ విరిగెను. దానికి వాలఖిల్యులను మునులు తలక్రిందులుగా వ్రేలాడుచుండిరి. విడిచినచో మునులకు ప్రాణాపాయము. కొమ్మను ముక్కున కరచి, ఏనుగును తాబేటిని గోళ్ల నుంచుకొని, పక్షిరాజు దించుచోటు కానక తిరుగాడెను. చివరకు తండ్రియైన కశ్యపుడు వేడగా మునులు కొమ్మ విడిచి వెడలిరి. ఆయన చెప్పిన నిర్జనపర్వతముపై గరుడుడు దానిని పడవేసెను. ఎత్తుకొనుట అంతటి బలవంతునకు ఒక లెక్కలోనిది కాదు. దించుటకు మాత్రము తండ్రి సాయము కావలసివచ్చెను.

అంతర్వేది రథోత్సవమును చూచినవారికి ఇదియే కంటికి కట్టినట్లుండును. వేలమంది త్రాళ్లు పట్టి లక్ష్మీనరసింహస్వామి రథమును లాగుదురు. అది నిలువవలసినచోట నిలుచునది చక్రములక్రింద చెక్కలు వేయువారి చేతిచలువ వలన. 2020 సెప్టెంబరులో పాతరథము దగ్ధము కాగా, 2021 ఉత్సవమునకు క్రొత్త రథము సిద్ధమయ్యెను. ఎడ్లబండి తోలువాడును ఏటిగట్టు దిగునపుడు వెనుకనొకని పట్టుకొమ్మనును. లేనిచో కాడి ఎడ్ల మెడలమీదికి త్రోసికొనివచ్చి, అంతవరకు లాగిన పశువులనే బండి తరుముకొనిపోవును.

రైలు ఈ సీమ గుమ్మమువరకు వచ్చి మరలిపోయినది. కాకినాడనుండి గౌతమి ఒడ్డునున్న కోటిపల్లికి 1928లో పడిన మార్గమును యుద్ధావసరములకై 1940లో పెరికివేసిరి. మరల 2004లో గాని అది తెరువబడలేదు. కాబట్టి కాలువపడవ వెనుకబడిన తరువాత కోనసీమ బరువంతయు లారీ మీదనే పడెను. వంతెనలు లేని రేవులలో ఆ లారీనే పంటుమీద ఎక్కించి ఏరు దాటించిరి. పడవను తొలగించిన వాహనమునకు పడవయే వాహనమైనది! యానాము ఎదుర్లంకల నడుమ వారధి 2002లో వచ్చువరకు గౌతమి దిగువన ఇదే స్థితి. కాలువలలో గుఱ్ఱపుడెక్క పెరిగెను. గట్టుబాటలు కొన్ని తారురోడ్డులయ్యెను.

ఇక డీజిలు మాట. రుడాల్ఫ్ డీజిలు అను జర్మను ఇంజనీరు ఆగ్స్‌బర్గ్ నగరమున 1897లో తన యంత్రమును నడిపి చూపెను. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ కావలెను. ఇందులో గాలిని మాత్రమే ఇంచుమించు 15 నుండి 20 వంతులు కుదించి నొక్కగా, ఆ గాలియే కాగి, పైనుండి చిమ్మిన నూనె తనంత మండును. 1900లో పారిస్ ప్రదర్శనమున ఇట్టి యంత్రమొకటి వేరుసెనగనూనెతో నడచినది. నూనెగింజలు పండించు దేశస్థులు ఆనాడే గమనింపదగిన విషయమిది. డీజిలు 1913లో ఓడమీద ఇంగ్లండునకు పోవుచు సముద్రములో అదృశ్యుడయ్యెను.

పల్లెవాడు డీజిలును మొదట నిలిచియున్న యంత్రముగానే ఎరిగెను: బియ్యపుమిల్లులో, నీరు తోడు ఆయిలింజనులో. ఆ యంత్రము మెల్లగా తిరుగుచునే గట్టిగా త్రిప్పును. ఈ తిప్పుబలమే బరువు లాగుటకు కావలసినది. రైలింజనులు చేయుటకు 1945లో వెలసిన టాటావారి టెల్కో కంపెనీ 1954లో డైమ్లర్-బెంజ్ వారితో ఒప్పందము చేసికొని డీజిలు లారీలు చేయ మొదలిడెను. అవి పెద్దబండ్లు, సన్నకారు కుటుంబమునకు అందునవి కావు. చిన్న డీజిలుబండ్ల కాలము 1980ల నడుమ వచ్చెను. ఆ వరుసలో తెలుగునేల వంతును ఉన్నది: రిఫ్రిజిరేటరులకు, బస్సులకు పేరుపొందిన హైదరాబాదు ఆల్విన్ సంస్థ జపానువారి నిస్సాన్ తో కలిసి జహీరాబాదులో తేలికలారీలను చేయించెను. ఆ కర్మాగారము 1989లో మహీంద్రావారి చేతిలోనికి పోయెను. టాటావారి మొదటి పికప్పు 1988లో, వారి చిన్నబండి "ఏస్" 2005లో వచ్చినవి. అమెరికాలో ఫోర్డు కంపెనీ పికప్పును 1925లోనే కర్మాగారమునుండి విక్రయించియున్నది. అచ్చటి రైతు దానివెనుక ట్రైలరు తగిలించి పశువులను సంతకు లాగుకొనిపోవును. మన పల్లెలలో ట్రాక్టరు వెనుక తొట్టినే "ట్రక్కు" అనుట వాడుక. లాగునదానికి గాక లాగబడుదానికి ఆ పేరు స్థిరపడుట విచిత్రము.

ఇట్లు ముత్తాత మోకుతో లాగిన బరువును మునిమనుమడు మీటనొక్కి లాగగలిగినాడు. అయితే లెక్క చూడవలెను. ట్రైలరు, అందులోని కాయలు కలిసి 2,000 కిలోలనుకొందము. ఒలిచిన కొబ్బరికాయ ఇంచుమించు అరకిలో కనుక, మూడువేల కాయలు, వాటిని మోయు బండి కలిసి ఈ బరువు సులభముగనే అగును. సమమైన తారురోడ్డుమీద దానిని కదలించుచుండుటకు సుమారు 30 కిలోల లాగు చాలును. 30 అడుగులకు ఒక అడుగు ఎక్కు వంతెనవాలుమీద మరి 67 కిలోలు కలుపవలెను. ఏ పికప్పునకైనను ఇది పెద్దపని కాదు. కాని గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవుచు, ఎదుట గేదె అడ్డువచ్చి 20 మీటర్లలో ఆపవలసివచ్చినచో ఆ ట్రైలరును పట్టుటకు కావలసినది 600 కిలోల బలము. వేగము రెట్టింపైనచో ఆ బలము నాలుగురెట్లగును. ముప్పది కిలోలతో వచ్చినది ఆరువందల కిలోలతో గాని ఆగదు. దానికి సొంతబ్రేకు లేనిచో ఆ భారమంతయు ముందుబండి బ్రేకులమీదను చక్రములమీదను పడును. వెనుకభాగమున బరువులేని తేలికబండి అయినచో ట్రైలరు దానిని ప్రక్కకు మడిచివేయును. ఏటిగట్టు దిగుచు ఎడ్లను తరిమిన బండికథయే మరల జరుగును.

ఇంజను లేని ట్రైలరును సైతము 1988 నాటి మోటారు వాహనముల చట్టము మోటారు వాహనమనియే నిర్వచించుట చూచి నవ్వువారు కలరు. నిజమునకు అది అర్థవంతమైన నిర్వచనము: కదలునపుడు దానికిని వేగమున్నది, చంపు శక్తియున్నది. దానికిని రిజిస్ట్రేషను కావలెను. మొదటిబండి కొనువారు ఇంజను గుఱ్ఱపుశక్తికి ముందు ఆ బండి ఎంత బరువును లాగుటకు తయారీదారు అనుమతించెనో, వెనుకబండికి బ్రేకు కలదో లేదో, కొక్కెముతోపాటు గొలుసు కలదో లేదో విచారింపవలెను. ట్రైలరులో బరువును ఇరుసునకు కొంచెము ముందువైపు సర్దవలెను. వెనుకకు మొగ్గినచో తోక ఊపినట్లు ఊగును. అంతర్వేది, ఓడలరేవు ఇసుకలో పడవలు లాగుబండికి ఉప్పుగాలి తుప్పు మరియొక శత్రువు.

డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ అక్కరలేదు కనుక తడికి భయపడదని చెప్పుదురు. అది సగమే నిజము. 1986 ఆగస్టు గోదావరి వరదవంటి నీటిలో గాలిపీల్చు గొట్టమునుండి నీరు లోనికి పోయినచో, గాలిని నొక్కవలసిన ముషలము నొక్కబడని నీటికి తగిలి యంత్రము విరుగును. 1996 నవంబరు 6 తుపానునాడు మాత్రము, దారులకు అడ్డముగా కూలిన కొబ్బరిమ్రాకులను చూచినవారికి లాగుబండి విలువ తెలిసివచ్చెను. అయితే ఆ తుపాను తోటలను పోగొట్టుకొన్న కుటుంబములకు మరియొక లెక్కయు నేర్పెను: పనిలేనినాడు ఎద్దు గడ్డి మేయును, బండి వాయిదా మేయును. చెట్టు కాయనినాడును వాయిదా ఆగదు. ఏడాదిలో దింపు ఎన్నిమార్లు, కాయ ధర పడినపుడు బండికి పరులసరకు దొరకునా, ట్రాక్టరు గలవానికి బాడుగ ఇచ్చిన చాలదా అను ప్రశ్నలకు అంబాజీపేట సంతలో తిరుగువారివద్దనే సమాధానము లభించును, షోరూములో లభింపదు.

నేడు లొల్లనుండి క్రిందికి కాలువవెంబడి పోవు బండ్లలో ఎన్నియో, పూర్వము మోకుపట్టిన కళాసులు నడచినవంటి గట్టులమీదనే పరుగెత్తుచున్నవి. ప్రక్కన నీరు అట్లే మెల్లగా పోవుచున్నది. లాకువంతెన దిగుచోట, తెలిసిన డ్రైవరు ఇంకను దూరముండగనే గేరు తగ్గించి, వెనుక ట్రైలరు కొక్కెమును నెట్టుచున్నదా లేదా యని ఒక్క క్షణము చెవియొగ్గి వినును.