సామాజిక జెట్‌లాగ్
సామాజిక జెట్‌లాగ్ అనగా పనిదినాలలోనూ సెలవు దినాలలోనూ పాటించే నిద్ర వేళల మధ్య ఏర్పడే తేడా. ఈ పదాన్ని మార్క్ విట్‌మన్, టిల్ రోనెబెర్గ్ తదితర పరిశోధకులు 2006లో ప్రతిపాదించారు. ఉదాహరణకు, బడి రోజులలో రాత్రి 11 నుండి ఉదయం 6 వరకు నిద్రించే విద్యార్థి సంక్రాంతి సెలవులలో రాత్రి 2 నుండి ఉదయం 9 వరకు నిద్రిస్తే ఈ తేడా 3 గంటలు.

మెదడులోని హైపోథలామస్‌లో ఉండే జీవ గడియారం వెలుతురును అనుసరించి నడుస్తుంది. రాత్రివేళ దీపకాంతి మెలటోనిన్ స్రావాన్ని ఆలస్యం చేస్తుంది. అందువలన సెలవులు ముగిసిన రాత్రి త్వరగా పడుకున్నా నిద్ర పట్టదు. మరునాడు అలసట, చిరాకు, మానసిక ఒత్తిడి కలుగుతాయి.

సెలవులలో కూడా దాదాపు అదే వేళకు లేవడం, ఉదయపు ఎండలో నడవడం, సాయంత్రం కాఫీ మానడం దీని నివారణకు ఉపకరిస్తాయి. భోగిమంటల కోసం తెల్లవారుజామున లేచేవారు ముందురోజు పెందలాడే పడుకోవడం మంచిది.