ఓడల నుండి బస్సులకు

నావికాదళాధిపతిగా చేసిన అడ్మిరల్ డి.కె. జోషి గారు 2017 అక్టోబరులో అండమాన్ నికోబార్ దీవులకు లెఫ్టినెంట్ గవర్నరుగా వెళ్ళారు. 2014 ఫిబ్రవరి 26న సింధురత్న జలాంతర్గామిలో ప్రమాదం జరిగి ఇద్దరు అధికారులు చనిపోతే, నైతిక బాధ్యత వహించి అదే రోజు రాజీనామా చేసిన మనిషి. సముద్రం తెలిసినవారికి దీవుల పాలన అప్పగించడం సబబే. అయితే అటువంటి పదవి చేసిన మన తెలుగు పెద్దమనిషికి రిటైరయ్యాక అప్పగించింది బస్సులు! ఈ సంగతి మన సభ్యులలో ఎందరికి గుర్తుందో?

ఆయనే రామదాస్ కటారి గారు. 1911లో చెంగల్పట్టులో పుట్టి, హైదరాబాదులో చదివి, 1927లో డఫ్రిన్ శిక్షణ నౌకలో మొదటి జట్టులో చేరారు. కొన్నాళ్ళు హుగ్లీ నదిలో సర్వే ఉద్యోగం, తర్వాత యుద్ధకాలంలో నావికాదళం. స్వాతంత్ర్యం వచ్చిన పదకొండో ఏటికి గానీ మన నావికాదళానికి భారతీయుడు అధిపతి కాలేదు. 1958 ఏప్రిల్ 22న కార్లిల్ దొర నుండి బాధ్యతలు అందుకున్న ఆ మొదటి భారతీయుడు కటారి గారే. విక్రాంత్ నౌక దళంలో చేరిందీ, గోవా విముక్తి జరిగిందీ ఆయన హయాంలోనే, 1961లో.

1962 జూన్‌లో రిటైరయ్యాక మన ఆర్టీసీకి ఛైర్మన్ అయ్యారు. సంస్థ పుట్టి నాలుగేళ్ళే. మా కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయకరణ గొడవ రాజుకుంటున్న రోజులవి. కడప కంటే ముందు కర్నూలును పట్టుకోవడం వెనుక ముఖ్యమంత్రి రాజకీయ కక్ష ఉందని ప్రైవేటు బస్సుల యజమానులు కోర్టుకెక్కారు. 1964లో సుప్రీంకోర్టు ఆ పథకాలను కొట్టివేసింది. ఆరోపణలకు ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ వేయలేదని ఎత్తిచూపింది. మెమోకు జవాబు రాయకపోతే ఒప్పుకున్నట్టే లెక్క అని మన గుమాస్తాలకు వేరే చెప్పాలా! నీలం సంజీవరెడ్డి గారు పదవి వదులుకున్నారు. అప్పటికి నేను పిల్లవాణ్ణి. అరుగుల మీద పెద్దలు ఆ తీర్పు గురించే మాట్లాడుకునేవారు.

కటారి గారు ఆ ఏడే బర్మాకు రాయబారిగా వెళ్ళారు. అక్కడ నె విన్ ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేయగా, తరతరాలుగా స్థిరపడిన మనవాళ్ళు కట్టుబట్టలతో ఓడలెక్కుతున్న కాలం. విశాఖపట్నం వంటి చోట్ల బర్మా కాలనీలు అలా వెలసినవే. అంత కష్టకాలంలో 1969 వరకు రంగూన్‌లో ఉండటం నా దృష్టిలో ఏ గవర్నరు గిరీకీ తీసిపోని సేవ. 1983 జనవరిలో సికింద్రాబాదులో కన్నుమూశారు.