బైపీసీ తర్వాత న్యూట్రిషన్ చదవాలా? కొత్తపట్నం నుంచి గుంటూరు దాకా.. తక్కువ ఖర్చులో మంచి కాలేజీని ఇలా వెతకండి

ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్‌లో అనుకున్న ర్యాంకు రాలేదు. ఇంట్లో వాళ్లేమో నర్సింగ్ లేదా బీఎస్సీ అంటున్నారు. మీకేమో డైటీషియన్ అవ్వాలని ఉంది. కొత్తపట్నం, ఒంగోలు చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. అసలు ఈ చదువు ఎక్కడ దొరుకుతుంది? ఎంత ఖర్చవుతుంది? ఎక్కడ మోసపోయే ఛాన్స్ ఉంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఈ చదువుకు డిమాండ్ ఎందుకు?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం ఏపీలో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఇక షుగర్, బీపీ లేని ఇల్లు వెతకాల్సిందే. అందుకే ఆసుపత్రులు, అంగన్‌వాడీ వ్యవస్థ, ఫుడ్ కంపెనీలు, జిమ్‌లు.. అన్నిచోట్లా పోషకాహారం తెలిసిన వాళ్ల అవసరం ఉంది.

ముందు పేర్ల గందరగోళం తీర్చుకోండి

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తున్నారు.

* న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్: ఏ జబ్బుకి ఏం తినాలి, ఎంత తినాలి అనేది నేర్పే చదువు. డైటీషియన్ అవ్వాలంటే ఇదే దారి.
* కమ్యూనిటీ సైన్స్: పాత పేరు హోమ్ సైన్స్. న్యూట్రిషన్‌తో పాటు పిల్లల వికాసం, వస్త్రాలు, విస్తరణ లాంటి సబ్జెక్టులూ ఉంటాయి. పీజీలో న్యూట్రిషన్ తీసుకోవచ్చు.
* ఫుడ్ టెక్నాలజీ: ఆహారాన్ని ప్రాసెస్ చేయడం, నిల్వ చేయడం, ప్యాకింగ్. ఇది ఫ్యాక్టరీ వైపు చదువు. బాపట్లలో వ్యవసాయ వర్సిటీ కాలేజీ ఉంది. మంచి కోర్సే, కానీ డైటీషియన్ కోర్సు కాదు.

దగ్గర్లో ఏమున్నాయి?

గుంటూరు: ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ వర్సిటీకి ఇక్కడ కమ్యూనిటీ సైన్స్ కాలేజీ ఉంది. నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్. ప్రభుత్వ వర్సిటీ కాబట్టి ఖర్చు అదుపులో ఉంటుంది. వ్యవసాయ వర్సిటీ కోర్సుల్లో రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంటుంది. పాస్‌బుక్, పల్లెటూరి బడిలో చదివిన స్టడీ సర్టిఫికెట్లు ముందే రెడీ చేసుకోండి. మీ కోర్సుకి ఆ కోటా వర్తిస్తుందో లేదో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి.

డిగ్రీ కాలేజీలు: ఏపీలో డిగ్రీ అడ్మిషన్లు ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ద్వారా జరుగుతాయి. 2023-24 నుంచి సింగిల్ మేజర్ విధానం వచ్చింది. వెబ్ ఆప్షన్లలో న్యూట్రిషన్, హోమ్ సైన్స్ మేజర్ ఉన్న ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీలను ముందు పెట్టండి. ఏలూరు సెయింట్ థెరిసా మహిళా కాలేజీకి హోమ్ సైన్స్‌లో మంచి పేరుంది.

తిరుపతి: 1983లో మొదలైన పద్మావతి మహిళా వర్సిటీలో, ఎస్వీ వర్సిటీలో హోమ్ సైన్స్ విభాగాలున్నాయి. ఒంగోలు నుంచి రైలు సౌకర్యం ఉంది.

హైదరాబాద్: తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ దేశంలోనే పెద్ద పేరు. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా పుట్టి, 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. ఇక్కడి ఎమ్మెస్సీ అప్లైడ్ న్యూట్రిషన్‌కి ఎంట్రన్స్ రాయాలి. అంటే డిగ్రీ దగ్గర్లో, తక్కువ ఖర్చులో చేసి.. పీజీకి ఇక్కడ గురిపెట్టొచ్చు. ఖర్చు తగ్గించుకోవడానికి ఇదో మంచి ప్లాన్.

చెన్నై కూడా రైల్లో దగ్గరే. అక్కడ మంచి మహిళా కాలేజీలున్నాయి. కానీ బయటి రాష్ట్రంలో చేరితే మన ఫీజు రీయింబర్స్‌మెంట్ సాధారణంగా రాదు. అది లెక్కలో పెట్టుకోండి.

డిస్టెన్స్ కోర్సా? ఆగండి!

"ఇంట్లో కూర్చునే డైటీషియన్ అవ్వండి" అనే యాడ్స్ ఫోన్‌లో తెగ వస్తుంటాయి. జాగ్రత్త. 2025 ఆగస్టులో యూజీసీ కీలక నిర్ణయం తీసుకుంది. ఫుడ్ అండ్ న్యూట్రిషన్ సైన్స్, క్లినికల్ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ లాంటి కోర్సుల్లో 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్య, ఆన్‌లైన్ అడ్మిషన్లు ఆపేయాలని చెప్పింది.

కారణం 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం. డైటీషియన్, క్లినికల్ న్యూట్రిషనిస్ట్ ఈ చట్టం పరిధిలోకి వచ్చారు. దీని ప్రకారం ఆరోగ్య వృత్తి నిపుణులకు కనీసం 3,600 గంటల డిగ్రీ చదువు ఉండాలి. మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు చేస్తే నాలుగు విషయాలు తెలుస్తాయేమో గానీ, ఆసుపత్రిలో డైటీషియన్ ఉద్యోగానికి అది సరిపోదు.

ఫీజు ఒక్కటే చూడకండి

కాలేజీ వాళ్లు చెప్పేది ట్యూషన్ ఫీజు. మీరు అడగాల్సింది మొత్తం ఖర్చు. హాస్టల్, మెస్, పరీక్ష ఫీజు, ల్యాబ్, రికార్డులు, ఇంటర్న్‌షిప్‌లో ఉండే ఖర్చు.. అన్నీ కాగితం మీద రాసి, కోర్సు ఎన్నేళ్లయితే అన్నేళ్లకి లెక్కేయండి. ఫీజు తక్కువని దూరంగా చేరితే హాస్టల్ ఖర్చే ఎక్కువైపోవచ్చు.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఏడాదికి రూ.2.5 లక్షల కుటుంబ ఆదాయ పరిమితి ఉంది. కన్వీనర్ కోటాలో చేరితేనే వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్‌లో చేరితే రాదు. ప్రైవేటు కాలేజీలో పీజీ చేయాలనుకుంటే మాత్రం ఆ ఏడాది రూల్ ఏంటో చేరే ముందే కనుక్కోండి. 2020 డిసెంబర్‌లో వచ్చిన జీవో 77 ప్రైవేటు పీజీకి రీయింబర్స్‌మెంట్ తీసేసింది.

చేరే ముందు ఈ ఐదూ అడగండి

1. ఫుడ్ ల్యాబ్, బయోకెమిస్ట్రీ ల్యాబ్ ఉన్నాయా? చూపించమనండి.
2. న్యూట్రిషన్ చెప్పే లెక్చరర్లు అదే సబ్జెక్టులో పీజీ, పీహెచ్‌డీ చేశారా?
3. ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో? ఎన్ని నెలలు? దాన్ని కాలేజీ చూపిస్తుందా, మనమే వెతుక్కోవాలా?
4. న్యాక్ గ్రేడ్ ఎంత? ఏ వర్సిటీ అనుబంధం?
5. పోయిన బ్యాచ్ వాళ్లు ఇప్పుడెక్కడున్నారు? ఇద్దరు సీనియర్ల నంబర్లు తీసుకుని మాట్లాడండి.

మూడో ప్రశ్నకి సూటిగా జవాబు రాకపోతే ఆ కాలేజీ గురించి మళ్లీ ఆలోచించండి. ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ నిర్వహించే రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్షకి ఆసుపత్రి ఇంటర్న్‌షిప్ కీలకం.

ఆ తర్వాత ఏంటి?

డిగ్రీతోనే పెద్ద జీతం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. మంచి ఆసుపత్రుల్లో ఎమ్మెస్సీ ఉన్నవాళ్లకే ప్రాధాన్యం. కాబట్టి ఐదారేళ్ల ప్లాన్‌గా చూడండి. ప్రభుత్వం వైపు వెళ్లాలంటే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్, సీడీపీవో పోస్టులు ఉంటాయి. ఫుడ్ సేఫ్టీ నోటిఫికేషన్లూ వస్తుంటాయి.

ఒక పని మాత్రం ఫీజు కట్టకముందే చేయండి. ఒంగోలులో డైటీషియన్ ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్లి, ఆ డైటీషియన్‌తో ఓ పది నిమిషాలు మాట్లాడండి. రోజంతా ఏం చేస్తారో, ఎక్కడ చదివారో అడగండి. కాలేజీ బ్రోచర్ చెప్పని చాలా విషయాలు అక్కడ తెలుస్తాయి.