ఎర్త్ కన్జర్వేషన్ కోర్

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో అనకోస్టియా నదినే బడిగా చేసుకుని, పేద యువతకు పర్యావరణ విద్య, ఉపాధి శిక్షణ ఇచ్చిన స్వచ్ఛంద సంస్థ ఎర్త్ కన్జర్వేషన్ కోర్. మహామాంద్యం నాటి నిరుద్యోగ యువకులకు అడవుల్లో పని కల్పించేందుకు అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1933లో నెలకొల్పిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్‌కు ఇది ఆలోచనలో వారసురాలు. అయితే దీని కార్యక్షేత్రం అడవి కాదు, నగరం నడిబొడ్డున ఉన్న మురికి నది.

మేరీలాండ్ నుంచి వచ్చి పొటోమాక్‌లో కలిసే అనకోస్టియాలోకి గట్టి వాన పడ్డప్పుడల్లా నగరపు మురుగు పొంగి చేరేది. ఆ మురికి వల్ల 1971 నుంచి నగరంలో నదీస్నానాన్ని నిషేధించారు. నదికి తూర్పున ఎక్కువగా నల్లజాతి కుటుంబాలుండే పేటలు నిరుద్యోగంతో, తుపాకీ హింసతో సతమతమయ్యేవి. నదిని, ఆ పేటలను నగరం ఒకే తీరుగా గాలికి వదిలేసింది.

‘గొరిల్లాస్ ఇన్ ద మిస్ట్’ చిత్ర నిర్మాణంలో పాలుపంచుకున్న రాబర్ట్ నిక్సన్ 1992లో వ్యాలీ గ్రీన్ అనే ప్రభుత్వ గృహసముదాయం నుంచి పని లేని తొమ్మిది మంది యువతీ యువకులను ఈ సంస్థలోకి చేరదీశారు. వారి మొదటి పని అనకోస్టియా ఉపనది లోయర్ బీవర్‌డ్యామ్ క్రీక్‌ను శుభ్రం చేయడం. మోకాటి లోతు బురదలో దిగి, కూరుకుపోయిన పాత టైర్లను చేతులతో లాగి ఒడ్డుకు చేర్చారు. 1993 నాటి చట్టంతో అమెరికోర్ అనే జాతీయ సేవా పథకం ఏర్పడ్డాక ఇలాంటి సేవకు ప్రభుత్వ భృతి, చదువుకు సాయం దొరికాయి.

సంస్థకు పేరు తెచ్చింది మాత్రం గద్దల పునరాగమనం. అమెరికా జాతీయ చిహ్నమైన తెల్లతల గద్ద 1940ల తరువాత రాజధానిలో గూడు కట్టడం మానేసింది. డీడీటీ అనే పురుగుమందు వల్ల గుడ్ల పెంకులు పలచబడి దేశమంతటా దాని సంఖ్య పడిపోయింది. 1994-98 మధ్య విస్కాన్సిన్ నుంచి తెచ్చిన 16 గద్దపిల్లలను కోర్ సభ్యులు నగరంలోని నేషనల్ ఆర్బొరేటమ్ అనే వృక్షవనంలో పెంచి వదిలారు. ఎత్తయిన మంచె మీద గూడు కట్టి, తిండి పెట్టే మనిషి వాటి కంటపడకుండా లోపలికి చేపలు అందించేవారు. ఎందుకంటే మనిషికి మచ్చికైన గద్ద అడవిలో బతకడం కష్టం. హింసకు బలైన తోటివారి పేర్లను కొన్ని పక్షులకు పెట్టుకున్నారు. సభ్యుల్లో పలువురు అలా హత్యకు గురయ్యారు. వారిలో 2003లో మరణించిన డైమండ్ టీగ్ పేరిట నది ఒడ్డున ఒక పార్కు వెలిసింది.

తొలి బృందం వారు తరువాత కొత్తవారికి గురువులయ్యారు. ఈ పథకంలో అన్నిటికంటే విలువైన భాగం ఇదే. యవ్వనంలో మత్తుమందులు అమ్మేవాడినని స్వయంగా చెప్పుకున్న రోడ్నీ స్టాట్స్ ఇక్కడే పక్షులకు చేరువై, డేగలకు శిక్షణనిచ్చి వేటాడించే విద్యలో లైసెన్సు పొందారు. అమెరికాలో ఆ విద్య నేర్చిన నల్లజాతీయులు అతి కొద్దిమంది. ఆయన తన డేగలతో పేట పిల్లలకు పాఠాలు చెప్పారు. ‘బర్డ్ బ్రదర్’ పేరుతో 2022లో ఆత్మకథ వెలువరించారు.

2015లో ఆర్బొరేటమ్‌లోని ఒక గూటిలో తెల్లతల గద్దపిల్ల పుట్టింది. మురుగు పొంగును పట్టి ఉంచే అనకోస్టియా సొరంగాన్ని నగరం 2018లో వాడుకలోకి తెచ్చింది. ఆ సొరంగానికి పాతికేళ్ల ముందే చేతులతో పని మొదలుపెట్టినవారు వ్యాలీ గ్రీన్ యువతే. నది కోలుకున్న చరిత్రలో వారికి దక్కాల్సినంత చోటు ఇప్పటికీ దక్కలేదు.