ఓడిపోయాక ఎవరికి థాంక్స్ చెప్పాలి?



పోయిన వారం రాత్రి పదకొండు దాటాక ఒక విద్యార్థి వాట్సాప్‌లో ఒక డ్రాఫ్ట్ పంపాడు. "సార్, ఒకసారి చూడండి. పొద్దున్నే పోస్ట్ చేస్తాం" అన్నాడు. వాళ్ళ ప్యానెల్ యూనియన్ ఎన్నికల్లో ఓడిపోయింది. నెలన్నరపాటు హాస్టల్ గదుల చుట్టూ తిరిగారు, మెస్ డబ్బుల్లోంచి తీసి పాంప్లెట్లు వేసుకున్నారు, అయినా ఓడిపోయారు. ఆ పోస్టులో పన్నెండు వాక్యాలున్నాయి. మొదటి రెండు మద్దతిచ్చినవాళ్ళకు థాంక్స్. మిగతా పదీ ఓటెయ్యనివాళ్ళ మీద తిట్లు. "బిర్యానీకి అమ్ముడుపోయిన మనవాళ్ళు" అని ఒకచోట ఉంది. చివర్లో, పేరు పెట్టకుండానే, మనలోనే ఒక కులాన్ని తగిలేలా ఒక మాట ఉంది.

"రేపు రాత్రిదాకా ఆగు తమ్ముడూ, ఒక ఎన్నిక సంగతి చెప్తాను" అన్నాను. అతనికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. అది 1952లో బాబాసాహెబ్ ఓడిపోయిన ఎన్నిక.

మనలో చాలామందికి ఆ ఎన్నిక ఒక్క వాక్యంగానే తెలుసు: "రాజ్యాంగం రాసినాయన్ని కూడా ఓడించారు." కోపం రావడానికి ఆ వాక్యం చాలు. ఎలా ఓడించారో తెలియడానికి చాలదు.

1951 సెప్టెంబర్ 27న బాబాసాహెబ్ నెహ్రూ మంత్రివర్గానికి రాజీనామా ఇచ్చారు. హిందూ కోడ్ బిల్లును నాలుగు సెక్షన్లు దాటనివ్వకుండా వదిలేశారన్నది ముఖ్యమైన బాధ. వెనుకబడిన కులాల పట్ల, షెడ్యూల్డు కులాల పట్ల ప్రభుత్వ నిర్లక్ష్యం ఇంకో కారణం. అక్టోబర్‌లోనే ఆయన పార్టీ షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ ఎన్నికల ప్రణాళిక ప్రకటించింది. హిందూ మహాసభ, ఆర్ఎస్ఎస్ లాంటి సంస్థలతో పొత్తు ఉండదని, కమ్యూనిస్టు పార్టీతో కూడా ఉండదని అందులో స్పష్టంగా రాసుకున్నారు. బొంబాయిలో సోషలిస్టు పార్టీతో పొత్తు కుదిరింది. ఫెడరేషన్ గుర్తు ఏనుగు. సోషలిస్టుల గుర్తు చెట్టు. కాంగ్రెస్‌ది కాడి మోసే ఎద్దుల జత.

ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి. ఓటమి అసలు కథ ఓటు వేసే పద్ధతిలోనే ఉంది.

బాబాసాహెబ్ నిలబడ్డ బొంబాయి ఉత్తరం ద్విసభ్య నియోజకవర్గం. ఒక జనరల్ సీటు, ఒక రిజర్వుడు సీటు. ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు. అప్పట్లో బ్యాలెట్ పేపరు మీద ముద్ర వేసే పని లేదు. అక్షరం రానివాళ్ళ కోసమని ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. రూపాయి నోటంత కాగితం తీసుకెళ్ళి నచ్చిన పెట్టెలో వేసి రావాలి. రెండు కాగితాలు రెండు వేర్వేరు పెట్టెల్లో వెయ్యాలి. రెండూ ఒకే పెట్టెలో వేస్తే ఒకటే లెక్కకొస్తుంది, రెండోది చెల్లదు.

రిజర్వుడు సీటు కదా, దళితులే ఎన్నుకుంటారనుకోకండి. నియోజకవర్గంలో ఉన్న ప్రతి ఓటరూ రెండు సీట్లకూ ఓటేస్తాడు. దళిత అభ్యర్థుల్లో ఎవరికి మొత్తం మీద ఎక్కువ ఓట్లు వస్తే వాళ్ళది రిజర్వుడు సీటు. అంటే దళిత ప్రతినిధి ఎవరో తేల్చేది దళితేతరుల ఓటు. 1932 సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్నప్పుడే ఈ సంగతి తేలిపోయింది.

1952 జనవరిలో బొంబాయి ఓటేసింది. కాంగ్రెస్ అభ్యర్థి నారాయణ కజ్రోల్కర్‌కు 1,38,137 ఓట్లు. బాబాసాహెబ్‌కు 1,23,576. తేడా 14,561. జనరల్ సీటులో సోషలిస్టు నాయకుడు అశోక్ మెహతా కూడా ఓడిపోయారు.

బాబాసాహెబ్ ఓటమిని నోరు మూసుకుని ఒప్పుకోలేదు. బొంబాయి జనం అంతగా వెంట నడిచాక ఫలితం ఇలా ఎలా వచ్చిందో విచారించాలని ఎన్నికల సంఘాన్ని అడిగారు. అశోక్ మెహతాతో కలిసి పిటిషన్ వేశారు. 74,333 బ్యాలెట్లు చెల్లకుండా పోయాయన్నది అందులో ప్రధానమైన అంశం. తేడాకు ఐదు రెట్లు! అవన్నీ ఆయనకు రావాల్సినవే అని కాదు. అన్ని ఓట్లు ఎందుకు వృథా అయ్యాయి, ఎవరు వృథా చేయించారు అన్నది ప్రశ్న. రెండు ఓట్లూ ఒకే పెట్టెలో వేసి ఒకటి వృథా చెయ్యమని కమ్యూనిస్టులు ప్రచారం చేశారని ఆయన ఆరోపణ. డాంగే మీద కోపాన్ని ఆయన దాచుకోలేదు. చివరికి పిటిషన్ కొట్టేశారు.

ఆ కోపం ఎటు తిరిగిందో చూడండి. ప్రత్యర్థి పార్టీల మీదికి, ఓట్లు వృథా చేయించిన ప్రచారం మీదికి, లెక్కింపు మీదికి. మిల్లుల్లో, రేవుల్లో పనిచేసి సాయంత్రం చాల్‌లోని ఇరుకు గదికి చేరే ఓటరు మీదికి కాదు.

ఇప్పుడు మా విద్యార్థి డ్రాఫ్టులోని చివరి వాక్యానికి వస్తాను. కజ్రోల్కర్ చాంభార్. బాబాసాహెబ్ మహర్. "చాంభార్లు మోసం చేశారు" అని తేల్చెయ్యడం ఎంత తేలికో చూడండి. కానీ అదే ఎన్నికల్లో షోలాపూర్ నుంచి ఫెడరేషన్ అభ్యర్థిగా గెలిచి లోక్‌సభకు వెళ్ళిన పి.ఎన్. రాజ్‌భోజ్ ఎవరు? ఆయనా చాంభారే. ఫెడరేషన్ ప్రధాన కార్యదర్శి. మన వైపు నిలబడ్డ మనుషులు ఆ కులంలోనూ ఉన్నారు. కులం మొత్తాన్నీ తిట్టి పోస్టు పెడితే ముందు తగిలేది వాళ్ళకే. మాల మాదిగల మధ్య ఇవాళ ఎంత నొప్పి ఉందో మనందరికీ తెలుసు. ఓడిన రాత్రి రాసిన ఒక వాక్యం ఆ నొప్పిని పదేళ్ళు పెంచగలదు.

ఆ ఎన్నికల్లో దేశం మొత్తం మీద లోక్‌సభలో ఫెడరేషన్‌కు వచ్చినవి రెండే సీట్లు. ఒకటి షోలాపూర్. రెండోది మన కరీంనగర్! అక్కడ కూడా ద్విసభ్య నియోజకవర్గమే. జనరల్ సీటు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున బద్దం ఎల్లారెడ్డి గెలిస్తే, రిజర్వుడు సీటు ఫెడరేషన్ తరఫున ఎం.ఆర్. కృష్ణ గెలిచారు. 489 సీట్లలో కాంగ్రెస్ 364 ఊడ్చుకుపోయిన ఏడాది అది. బాబాసాహెబ్ బొంబాయిలో ఓడిపోయిన ఎన్నికలోనే ఆయన ఏనుగును గెలిపించిన రెండు చోట్లలో ఒకటి తెలంగాణ నేల. కరీంనగర్ వాడల్లో మన తాతముత్తాతలు పెట్టెలో వేసిన ఆ కాగితాలకు ఎవరైనా థాంక్స్ చెప్పారా? మనం ఇన్నేళ్ళుగా బొంబాయి ఓటమినే చెప్పుకుంటున్నాం గానీ కరీంనగర్‌ను తలుచుకోం.

1952 బాబాసాహెబ్‌కు మొదటి దెబ్బ కాదు. 1946 ప్రాంతీయ శాసనసభల ఎన్నికల్లో ఫెడరేషన్ ఇంకా ఘోరంగా ఓడింది. 151 రిజర్వుడు సీట్లలో రెండే దక్కాయి. దళితులు మాత్రమే ఓటేసిన ప్రాథమిక ఎన్నికలను చూడండి, అందరూ ఓటేసిన తుది ఎన్నికలను కాదు అని ఆయన బ్రిటిష్ ప్రభుత్వంతో వాదించారు. వాళ్ళు వినలేదు. ఫెడరేషన్ దళితుల ప్రతినిధి కాదని తేల్చేశారు. సొంత బొంబాయి నుంచి రాజ్యాంగ సభకు వెళ్ళే దారి మూసుకుపోయింది. అప్పుడు తలుపు తీసింది బెంగాల్. నామశూద్ర నాయకుడు జోగేంద్రనాథ్ మండల్ ముందుండి, అక్కడి దళిత శాసనసభ్యుల ఓట్లు కూడగట్టి ఆయన్ని రాజ్యాంగ సభకు పంపారు. దేశ విభజనతో ఆ స్థానం పోయింది. 1947లో బొంబాయి నుంచి మళ్ళీ ఎన్నికయ్యారు. కానీ మొదటి అడుగు బెంగాల్ వేయించింది. ఎక్కడో తూర్పు బెంగాల్ పొలాల్లో, తన భాష తెలియని, తన ముఖం చూడని జనం ఎన్నుకున్న మనుషులు ఆయన్ని నిలబెట్టారు. మనం రాజ్యాంగం పేరు చెప్పి దండ వేసే ప్రతిసారీ వాళ్ళకు బాకీ ఉన్నాం.

1952 ఓటమి తర్వాత ఏమైంది? బాబాసాహెబ్ ఇంట్లో కూర్చోలేదు. ఆ ఏడాదే బొంబాయి శాసనసభ్యుల ఓట్లతో రాజ్యసభకు వెళ్ళారు. 1953 సెప్టెంబర్‌లో ఆంధ్ర రాష్ట్ర బిల్లు అక్కడికొచ్చింది. భాషా రాష్ట్రం వస్తే పెద్ద కులాల చేతుల్లో నలిగే చిన్న కులాలకు రక్షణ ఏదీ, గవర్నర్‌కు ఆ బాధ్యత ఎందుకు అప్పగించకూడదు అని నిలదీశారు. రాజ్యాంగాన్ని ముందు నేనే తగలబెడతానని ఆయన అన్నట్టు ఇవాళ వాట్సాప్‌లో తిరిగే ముక్క ఉంది కదా, అది ఆ చర్చలోదే. మన రాష్ట్రం పుడుతున్నప్పుడు మన తరఫున మాట్లాడింది ఓడిపోయిన అభ్యర్థి.

1954లో భండారా ఉప ఎన్నికలో మళ్ళీ పోటీ చేశారు. మళ్ళీ ఓడిపోయారు, ఎనిమిది వేల పైచిలుకు ఓట్లతో. ఈసారి పొత్తులో జనరల్ సీటుకు నిలబడ్డ అశోక్ మెహతా గెలిచారు! ఒకే ఊరు, ఒకే ఓటర్లు, ఒకే పొత్తు. అగ్రకులం అభ్యర్థి దాటాడు, బాబాసాహెబ్ దాటలేదు. పొత్తుల గురించి మాట్లాడే మిత్రులు ఈ ఫలితాన్ని గోడమీద రాసి పెట్టుకోవాలి. 1955 ఆగస్టులో ఫెడరేషన్ చట్టసభల్లో రిజర్వుడు సీట్లు రద్దు చెయ్యాలని తీర్మానించింది. ఆ తీర్మానాన్ని మనకు వ్యతిరేకంగా చూపించేవాళ్ళు భండారాను చెప్పరు.

1956 మార్చి 18న ఆగ్రాలో బాబాసాహెబ్ తన మనసులోని బాధ బయటపెట్టారు. చదువుకున్నవాళ్ళు తనను మోసం చేశారన్నారు. ఉద్యోగాల్లో చేరి సొంత కడుపు చూసుకున్నారన్నారు. చదువులేని పల్లె జనాన్ని అనలేదు, మనలాంటి వాళ్ళనన్నారు. నెల జీతం తీసుకునే లెక్చరర్‌గా నాకా మాట ఎప్పుడూ సూటిగానే తగులుతుంది.

ఆ ఏడాది డిసెంబర్ 6న ఆయన వెళ్ళిపోయారు. కొన్ని నెలలకే 1957 ఎన్నికలు. సంయుక్త మహారాష్ట్ర ఉద్యమం ఊపులో ఫెడరేషన్ నుంచి ఆరుగురు లోక్‌సభకు వెళ్ళారు. నాసిక్ నుంచి దాదాసాహెబ్ గైక్వాడ్ గెలిచారు. బొంబాయి సిటీ సెంట్రల్ ద్విసభ్య నియోజకవర్గంలో జనరల్ సీటు డాంగేది, రిజర్వుడు సీటు ఫెడరేషన్ అభ్యర్థి జి.కె. మానేది. ఐదేళ్ళ కింద ఒకరినొకరు ఓడించుకున్న రెండు జెండాలు అదే నగరంలో ఒకే వేదికెక్కి గెలిచాయి. 1952లోనే బొంబాయి ఓటర్లను ద్రోహులని తిట్టి తలుపు వేసుకుని ఉంటే 1957లో ఆ ఇళ్ళకు ఏ ముఖంతో వెళ్ళేవాళ్ళు?

ఆ 1,23,576 మంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఓటు రహస్యం కాబట్టి ఉండవు కూడా. అందులో మహర్లు ఎందరో, చాంభార్లు ఎందరో, మాంగ్‌లు ఎందరో, మిల్లులో పక్క మగ్గం మీద పనిచేసే సవర్ణుడు ఒకడున్నాడేమో చెప్పలేం. అందుకే ఓడినవాళ్ళు చెప్పే థాంక్స్ జాగ్రత్తగా ఉండాలి. మనకు ఓటేసినవాళ్ళు మనం తిట్టే గుంపులోనే ఉంటారు.

ఇవన్నీ చెప్పాక మా విద్యార్థి కాసేపు మాట్లాడలేదు. "అంటే కోపం చూపించొద్దా సార్?" అన్నాడు. చూపించమనే చెప్పాను. లెక్కింపులో తేడా ఉందనిపిస్తే ఫిర్యాదు రాయండి. డబ్బు పంచినవాళ్ళను సాక్ష్యంతో సహా బయటపెట్టండి. పొత్తులో మాట తప్పినవాళ్ళను పేరుపెట్టి అడగండి. బాబాసాహెబ్ చేసిందదే. ఓటరును మాత్రం తిట్టకండి. మీకు పడిన ఓట్లు ఎన్నో అంకె రాయండి. పాంప్లెట్లు మడిచిన జూనియర్లను తలుచుకోండి. మీరు గెలవకపోయినా మీ ప్రచారంలో అడిగిన డిమాండ్లు ఎప్పుడు, ఎవరి ముందు పెట్టబోతున్నారో తేదీతో సహా చెప్పండి. అది లేకపోతే థాంక్స్ వీడ్కోలులా ఉంటుంది.

మరుసటి పొద్దున పోస్టు వచ్చింది. ఆరు వాక్యాలే. మూడోది వాళ్ళకు పడిన ఓట్ల సంఖ్య. ఆఖరిది, వచ్చే సోమవారం సాయంత్రం ఆరింటికి మెస్ బిల్లుల మీద మీటింగ్, ఓటేసినవాళ్ళూ వెయ్యనివాళ్ళూ అందరూ రండి అని.

నేనూ వెళ్తున్నాను.

జై భీమ్.