సీఈఏ పరీక్ష వెనుక కథ
పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయినవారి రిపోర్టుల్లో సీఈఏ అని ఒక అంకె ఉంటుంది. దాని కథ చెబుతాను.

1965లో కెనడాలోని మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ అనే ఇద్దరు పేగు కణితిలో ఈ ప్రొటీన్‌ను కనిపెట్టారు. గర్భంలోని శిశువు పేగులోనూ అది కనిపించింది. రక్తపరీక్షతో క్యాన్సర్‌ను ముందే పట్టేయవచ్చని అందరూ ఆశపడ్డారు. ఆ ఆశ నెరవేరలేదు. పొగ తాగేవారిలో, కాలేయ జబ్బుల్లో కూడా ఇది పెరుగుతుంది. తొలిదశ క్యాన్సర్‌లో చాలామందికి మామూలుగానే ఉంటుంది.

అయితే మరో పనికి అక్కరకొచ్చింది. ఆపరేషన్‌కు ముందు ఎక్కువగా ఉంటే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. ఆపరేషన్ తర్వాత తగ్గి, మళ్లీ పెరుగుతూ పోతే డాక్టర్లు స్కాన్ చేయిస్తారు.

కనుక ఒక్క అంకె చూసి బెంబేలెత్తకండి. ఒంట్లో బాగానే ఉంది కదా అని తర్వాతి పరీక్షలు మానకండి.